తప్పులు నాటేవాళ్ళం

జనవరిలో హెస్ట్‌విక్‌లో పది దాటితే గాని తెల్లారదు.
ఆ చీకట్లో మొదలవుతుంది మా ఉద్యోగం:
బాగున్న పడవను పాడుచేయడం.

పడవకు సరంగు లేడు.
నూట పది మీటర్ల సముద్రపాయ మీద
చేపల బజారుకు పోయే ముసలమ్మల్ని, సైకిళ్ళని,
ఒక్కోసారి ఒంటరి కుక్కల్ని
తనంతట తానే దాటిస్తుంది.
ఆరు కెమెరాలు, మూడు కంప్యూటర్లు,
లక్షల ఫొటోలు చూసి నేర్చుకున్న చూపు.

తూరిద్ కెమెరా అద్దం మీద ఉప్పునీళ్ళు చల్లుతుంది.
నేను పడవ పొట్టలో, తీగల మధ్య గొంతుక్కూచుని
మెమరీలో ఒక సున్నాను ఒకటి చేస్తాను.
అంతే, ఒక్క సున్నా.
ఆవగింజలో అరవయ్యో వంతు కూడా కాదు.

చాలాసార్లు ఏమీ కాదు.
కొన్నిసార్లు పడవ బిక్కచచ్చి నిలబడిపోతుంది,
ఎర్రదీపం, సైరను, నానా యాగీ.
అప్పుడు మాకు సంతోషం.
మొత్తుకునే తప్పు మంచి తప్పు.
పట్టికలో రాసి, కాఫీ పోసుకుంటాం.

నాలుగువేల పన్నెండోసారి
ఏ దీపమూ వెలగలేదు.
తెర మీద నీళ్ళు నున్నగా, ఖాళీగా ఉన్నాయి.
కిటికీలోంచి చూస్తే ఎదురుగా
ఎర్ర కయాక్, అందులో మేం కూర్చోబెట్టిన గడ్డిమనిషి,
వాడి నెత్తిన ఓద్వార్ పాత ఊలుటోపీ,
తాడు కొస ఒడ్డున ఓద్వార్ చేతిలో.

మూడు కంప్యూటర్లూ ఓటేశాయి:
ఎవరూ లేరు. ఎవరూ లేరు. ఎవరూ లేరు.
పడవ నింపాదిగా, మర్యాదగా
వాడి మీంచి వెళ్ళిపోయింది.

ఓద్వార్ నీళ్ళలోంచి టోపీ తీసి పిండుకున్నాడు.
ముప్పయ్యేళ్ళు ఇదే పాయలో తెడ్డేసినవాడు.
ఏమీ అనలేదు.

ఆ రాత్రి లాగులు తిరగేస్తూ కూర్చున్నాను.
నేను తప్పు నాటింది ఒక్కదానిలోనే.
మరి మిగతా రెండూ?
నా సున్నాను మళ్ళీ సున్నా చేసి
అదే దృశ్యం మొదటిదానికీ చూపించాను.
అదీ అదే అంది: ఎవరూ లేరు.
మేం నాటకముందే మొలిచి ఉంది.

మూడు నోళ్ళు, ఒకే బడి.
పాఠాల ఫొటోలన్నీ జూలైలో తీసినవి,
రాత్రి పదకొండుకీ ఎండ కాసే జూలైలో.
చలికాలం మనిషిని ఒక్కటీ చూసి ఎరగదు.
ఒకే అబద్ధాన్ని ముగ్గురు చెబితే
సాక్ష్యం బలపడిందనుకున్నాం.

మర్నాడు ఓద్వార్‌ని అడిగాం,
పొగమంచులో నువ్వేం చేసేవాడివని.
"ఏముంది, తెడ్డు పైకెత్తి ఊపిరి బిగబట్టేవాణ్ణి.
ఏదైనా వినబడేదాకా."

దాన్ని లెక్కల్లోకి దించడానికి రెండు చలికాలాలు పట్టింది.
ఏది చూపించినా ఏదో ఒకటి చెప్పడమే
అలవాటైన యంత్రం చేత
తెలియదు అనిపించడం
మాటలు నేర్పడం కన్నా కష్టం.

ఇప్పుడు పడవ ఆగుతుంది.
పురపాలక సంఘం నుంచి గున్‌వోర్ ఫోను:
ఈ నత్తనడకేమిటి, జనం వంతెన మీద నడిచిపోతున్నారు.
లెక్క పంపించాం.
గత నెల నలభై ఒక్కసార్లు ఆగింది.
ముప్పై ఎనిమిది దండగ:
కడలికాకులు, నీళ్ళలో దీపం నీడ, తేలే అట్టపెట్టె.
మిగతా మూడూ ఏమిటన్నారా?
తెలియదు, అని మేమూ రాశాం.

నిన్న మధ్యాహ్నం పడవ నడిపాయలో నాలుగుసార్లు ఆగింది.
అవతలి ఒడ్డున తొమ్మిదేళ్ళవాడొకడు
చారల గొడుగు తెరుస్తున్నాడు, ముడుస్తున్నాడు,
తెరిచినప్పుడల్లా పడవ ఊపిరి బిగబడుతోంది,
వాడు పగలబడి నవ్వుతున్నాడు.

తూరిద్ కోటు బొత్తాలైనా పెట్టుకోకుండా
వంతెన మీదుగా పరుగెత్తింది.
తిట్టడానికేమోననుకుని వాడు గొడుగు పారేశాడు.
ఆమె దాన్ని ఏరి, మంచు దులిపి
వాడి చేతిలోనే పెట్టింది:

"ఇంకోసారి చెయ్యి.
ఈసారి మెల్లగా."